రైజ్ మీద రైజ్ కొట్టేవాడి ముందు ముక్కలు పడేయాలా?

ప్రశ్న: నేను శాన్ హోజేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లో పండగలకి రమ్మీ ఆడుతూ పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చాక లిమిట్ హోల్డెమ్ అలవాటైంది (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు, ఒక్కో బెట్ ఎంతో ముందే ఖాయంగా ఉండే పోకర్). మొన్న వేసవిలో లాస్ వేగస్ వెళ్లి ఒక లిమిట్ టోర్నమెంట్ ఆడాను. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక పెట్టాల్సిన చిప్స్) స్మాల్ 500, బిగ్ 1,000, బెట్లు మొదటి రెండు రౌండ్లలో 1,000, చివరి రెండింట్లో 2,000 ఉన్న లెవెల్‌లో నా దగ్గర 40,000 చిప్స్ ఉన్నాయి. అప్పుడే నాకు కుడివైపు రెండో సీట్లో ఒక కొత్త ఆసామి వచ్చి కూర్చున్నాడు. పది హ్యాండ్లు పంచితే ఏడెనిమిదింటికి రైజే (ముందున్న బెట్‌ని పెంచడం). ఎవరైనా రైజ్ చేస్తే మళ్లీ రైజ్. అతనితో ఆడిన మూడు హ్యాండ్లలో 25,000 పోయాయి.

ఒకటి: నేను బటన్ మీద (డీలర్ సీటు, ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర ఆడే చోటు), చేతిలో తొమ్మిదుల జత. అతను 2,000కి రైజ్ చేశాడు, నేను కాల్ చేశాను (అంతే పెట్టి ఆటలో ఉన్నాను), బ్లైండ్లు ఇద్దరూ వచ్చారు. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) రాణి, 8, 3. అతను బెట్, నేను కాల్, బిగ్ బ్లైండ్ కాల్. టర్న్ (నాలుగో ముక్క) 6, అక్కడా అంతే. రివర్ (ఐదోది, చివరిది) జాకీ. బిగ్ బ్లైండ్ ఉన్నట్టుండి బెట్ చేశాడు, ఆ ఆసామి ముక్కలు పడేశాడు, నేను కాల్ చేశాను. బిగ్ బ్లైండ్ చేతిలో జాకీ, 8.

రెండు: నేను బిగ్ బ్లైండ్, చేతిలో రాజు, 9. అతను బటన్ మీద నుంచి రైజ్, నేనొక్కణ్ణే కాల్. ఫ్లాప్ 9, 6, 2, మూడూ మూడు గుర్తులవి. టర్న్ రాణి, రివర్ ఆసు. మూడుసార్లూ అతను బెట్ చేశాడు. రెండుసార్లు కాల్ చేసి, ఆసు పడగానే పడేశాను. ఇంకో నలుగురు అవుటైతే ప్రైజ్ మనీ అన్న టెన్షన్ కూడా ఉంది. అతను నవ్వుతూ జాకీ, 7 చూపించాడు.

మూడు: ఆ కోపంలో ఉన్నాను. ఆసు, రాణి వచ్చాయి, రైజ్ చేశాను. అతను బిగ్ బ్లైండ్‌లో ఉండి మళ్లీ రైజ్ చేశాడు, కాల్ చేశాను. ఫ్లాప్ జాకీ, 8, 5. ఈసారి అతన్ని అతని ఆటతోనే కొడదామని ఫ్లాప్ మీద క్యాప్ దాకా (ఒక రౌండ్‌లో ఒప్పుకునే చివరి రైజ్ దాకా) తీసుకెళ్లాను, టర్న్‌లో 3 పడ్డాక కూడా రైజ్ చేశాను. అతను మళ్లీ రైజ్ చేస్తే కాల్ చేశాను. రివర్‌లో 2 పడింది, అతను బెట్ చేశాడు, చేతిలో జత కూడా లేదు కదా అని పడేశాను. అతని ముక్కలు చూపించలేదు. ఇలాంటివాడితో ఎలా ఆడాలి?

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది ఆ ఆసామి కాదు, రమ్మీ. పదమూడు ముక్కల రమ్మీలో ముక్కలు బాగా లేకపోతే మొదట్లోనే డ్రాప్ అయితే 20 పాయింట్లతో పోతుంది. ఆగితే 40, ఇంకా ఆగితే ఫుల్ కౌంట్. అక్కడ తొందరగా పడేసినవాడే తెలివైనవాడు. లిమిట్ పోకర్‌లో మొదట్లో ఆ తెలివి పనికొస్తుంది, చివర్లో మాత్రం తిరగబడుతుంది. ఇక్కడ బెట్ ముందే ఖాయం, ఇష్టమొచ్చినట్టు పెరగదు. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) మాత్రం పెరుగుతూ పోతుంది. రివర్‌కి వచ్చేసరికి చివరి కాల్ ఖరీదు పాట్‌తో పోలిస్తే చిల్లర. ఆ చిల్లర కోసం పాట్ మొత్తం వదులుకున్నారు, అదీ రెండుసార్లు.

మీ రెండో హ్యాండ్‌నే లెక్క కడదాం. ఫ్లాప్‌కి ముందు మీవి 2,000, అతనివి 2,000, స్మాల్ బ్లైండ్ వదిలేసిన 500. మొత్తం 4,500. ఫ్లాప్ మీద చెరో వెయ్యితో 6,500. టర్న్ మీద చెరో రెండు వేలతో 10,500. రివర్‌లో అతని 2,000 కలిపితే పాట్‌లో 12,500 ఉన్నాయి, మీరు పెట్టాల్సింది 2,000. అంటే ఇలాంటి కాల్ ఏడుసార్లు చేసి ఒక్కసారి గెలిచినా, దాదాపుగా ఖర్చులు తిరిగొస్తాయి. 14 శాతం చాలు. పదింటికి ఏడెనిమిది రైజ్ చేసేవాడి చేతిలో మీ తొమ్మిదుల జతకన్నా తక్కువ ముక్కలు ఏడింట్లో ఒక్కసారి కూడా ఉండవా? అతను జాకీ, 7 చూపించాక అడిగే ప్రశ్న కాదిది, చూపించకముందే వేసుకోవాల్సింది. ఆసు పడిందని భయపడ్డారు. నిజమే, ఆసు ఉన్న చెయ్యి కూడా అతని రైజుల్లో ఉంటుంది. కానీ అతను రైజ్ చేసే ముక్కలు అన్నేసి రకాలు ఉన్నప్పుడు, అందులో ఆసు ఉన్నవి కొంత భాగం మాత్రమే.

ప్రైజ్ మనీ టెన్షన్ సంగతి. కాల్ చేసి ఓడిపోయినా మీ దగ్గర 26,000 మిగిలేవి. ఒక రౌండ్ బ్లైండ్లకు అయ్యేది 1,500. ఆ లెక్కన మీరు పడేసిన పాట్‌తో ఎనిమిది రౌండ్లు కూర్చోవచ్చు. నలుగురు అవుటయ్యేదాకా నిలబడాలంటే ఆ చిప్సే మీకు కావాలి. నో లిమిట్‌లో (చేతిలో ఉన్నదంతా ఒకేసారి బెట్ చేయగలిగే పోకర్) అయితే ఒక్క కాల్‌తో టోర్నమెంట్ అయిపోవచ్చు కాబట్టి ఈ జంకుకి అర్థం ఉంది. లిమిట్‌లో, ప్రతి రౌండ్‌లోనూ ఒక బెట్, మూడు రైజులు దాకా వెళ్లినా ఒక హ్యాండ్‌లో పోయేది 24,000 మించదు. మామూలుగా కాల్ చేస్తూ పోతే ఏడు వేలు. నో లిమిట్ వీడియోలు చూసి నేర్చుకున్న భయాన్ని లిమిట్ టేబుల్ మీదికి తెచ్చుకోవద్దు.

మరి ఆ రెండో హ్యాండ్‌లో రైజ్ ఎందుకు చేయకూడదు అని అడగొచ్చు. ఫ్లాప్ మీద చెక్ చేసి (బెట్ పెట్టకుండా వదిలి), అతను బెట్ చేశాక రైజ్ చేసినా తప్పేం లేదు. నేనైతే చెయ్యను. ఫ్లాప్‌లో మూడు గుర్తులు, 9, 6, 2. ఉచితంగా ఒక ముక్క చూపించినా కొంప మునిగే బోర్డు కాదు. చేతిలో ఏమీ లేకపోయినా మూడు రౌండ్లూ బెట్ చేసే మనిషి ఎదురుగా ఉన్నాడు. అతని చేత పెట్టించండి. బోర్డు మీద ఫ్లష్‌కో (ఒకే గుర్తువి ఐదు) స్ట్రెయిట్‌కో (వరసగా ఐదు) దారి కనిపిస్తే, ఇంకొకరు ఎవరైనా పాట్‌లో ఉంటే అప్పుడు మాట వేరు.

ఆ ఇంకొకరి సంగతి మీ మొదటి హ్యాండ్‌లో ఉంది. నా ఉద్దేశంలో మీ అసలు నష్టం అక్కడ మొదలైంది, మీరేమో దాన్ని బ్యాడ్ లక్ కింద రాశారు. తొమ్మిదుల జతకి ఏవో రెండు ముక్కలున్న ఒక్కడి మీద గెలుపు దాదాపు 72 శాతం. అలాంటివాళ్లు ఇద్దరుంటే అది సగానికి కాస్త పైకి పడిపోతుంది. కాబట్టి ఆ ఆసామి రైజ్ చేయగానే మీరు చేయాల్సింది కాల్ కాదు, 3,000కి రైజ్. అది అతన్ని భయపెట్టడానికి కాదు, అతను ఎలాగూ భయపడడు. బ్లైండ్లని బయటికి పంపడానికి.

జాకీ, 8 పట్టుకున్న బిగ్ బ్లైండ్ కుర్చీలో ఒకసారి కూర్చోండి. మీరు కాల్ చేశారు, స్మాల్ బ్లైండ్ కాల్ చేశాడు. పాట్‌లో 7,000, అతను పెట్టాల్సింది వెయ్యి. ఒకటికి ఏడు. ఎవరైనా వస్తారు, నేనూ వస్తాను. అదే మీరు 3,000 చేసి ఉంటే స్మాల్ బ్లైండ్ పోయేవాడు, బిగ్ బ్లైండ్ ముందు 6,500 పాట్, పెట్టాల్సింది 2,000. ఒకటికి మూడుంపావు. పైగా ఆ ఆసామి మళ్లీ రైజ్ చేస్తాడని టేబులందరికీ తెలుసు. జాకీ, 8 అక్కడే చెత్తలోకి పోయేవి.

సరే, ఫ్లాప్‌కి ముందు కాల్ చేశారు, ఫ్లాప్ మీదైనా సర్దుకోవచ్చు. 8,000 పాట్‌లో అతను వెయ్యి బెట్ చేశాడు, మీరు కాల్ చేశారు. స్మాల్ బ్లైండ్ పోయాక బిగ్ బ్లైండ్‌కి 10,000 పాట్, వెయ్యి కాల్. ఎనిమిదుల జతతో మీ తొమ్మిదుల్ని దాటాలంటే అతనికి మూడు జాకీలు, రెండు ఎనిమిదులు, మొత్తం ఐదు ముక్కలు పనికొస్తాయి. అతనికి కనబడని 47లో ఐదు, అంటే తర్వాతి ముక్కతో గెలవడానికి ఎనిమిదిన్నరకి ఒకటి. ఒకటికి పది ఇస్తున్నప్పుడు అతని కాల్ నూటికి నూరుపాళ్లు కరెక్ట్. మీరు రైజ్ చేసి ఉంటే 11,000 పాట్‌కి 2,000, ఒకటికి ఐదున్నర. అప్పుడూ అతను కాల్ చేస్తే చెయ్యనివ్వండి, ఈసారి తప్పు అతనిది. రివర్‌లో జాకీ పడటం దురదృష్టమే, కాదనను. కానీ ఆ జాకీ కోసం అతను రివర్ దాకా కూర్చోవడానికి టికెట్ కొనిపెట్టింది మీరు.

ఇక్కడ మీకు అదృష్టం ఏంటంటే, ఆ ఆసామి మీ కుడివైపు కూర్చున్నాడు. అంటే ఎక్కువ హ్యాండ్లలో అతను ముందు ఆడతాడు, చూసి మీరు ఆడతారు. టోర్నమెంట్‌లో సీటు మనం ఎంచుకునేది కాదు, క్యాష్ గేమ్‌లో (నేరుగా డబ్బుతో ఆడే ఆట) అయితే మాత్రం ఆ సీటు కోసం వెయిట్ చేస్తారు జనం. దాన్ని వాడుకోండి. మామూలు ఆటగాడు రైజ్ చేస్తే పడేసే ఆసు–9, రాజు–జాకీ, ఏడుల జత లాంటివి కూడా ఇతని మీద మళ్లీ రైజ్ చేయడానికి పనికొస్తాయి. అదే గుర్తులో ఉన్న 7, 6 లాంటివి వద్దు. అవి నలుగురైదుగురు చౌకగా వచ్చినప్పుడు ఆడే ముక్కలు, ఒక్కడితో ముఖాముఖికి కాదు. ఇంకో జాగ్రత్త: మీ ఎడమవైపు గంటసేపు నోరెత్తని పెద్దాయన ఎవరైనా మీ రైజ్ మీద నాలుగో బెట్ వేస్తే, అది ఆసామిని చూసి వేసింది కాదు. ఆ పెద్దాయన్ని వేరే లెక్కలో చూడాలి. ఒక పిచ్చివాడు టేబుల్ మీద ఉంటే మిగతావాళ్లందరూ పిచ్చివాళ్లని అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఒకవేళ అలాంటివాడు ఎడమవైపు పడితే ఆట తిరగేయాలి. మంచి ముక్కలున్నప్పుడు ముందు చెక్ చేసి, అతని చేత బెట్ చేయించి, అందరూ మధ్యలో ఇరుక్కున్నాక రైజ్ చేయడం. ఒక మోస్తరు ముక్కలతో రైజులు మొదలుపెట్టడం తగ్గించాలి.

ఇప్పుడు మూడో హ్యాండ్. అతన్ని అతని ఆటతోనే కొడదామనుకున్నారు. అతని ఆట ఏంటి? ఎదుటివాడు పడేస్తాడని రైజ్ చేయడం. అది మీ మీద పనిచేస్తోంది, ఎందుకంటే మీరు పడేస్తున్నారు. అతని మీద పనిచేయదు, ఎందుకంటే అతను పడేయడు. ఫ్లాప్ మీద చెరో 4,000 పెట్టారు. (పాట్‌లో ఇద్దరే ఉన్నా రైజులకి క్యాప్ ఎందుకుందని మీకు అనుమానం వచ్చి ఉండొచ్చు. క్యాష్ గేమ్‌లో చాలాచోట్ల ఇద్దరు మిగిలితే క్యాప్ ఎత్తేస్తారు. టోర్నమెంట్లలో మాత్రం మొత్తం మీద ఇద్దరే మిగిలేదాకా క్యాప్ ఉంటుంది. లేకపోతే ఆ రోజే మీ పని అయిపోయేది.) టర్న్‌లో చెరో 6,000. ఫ్లాప్ తర్వాత మీరు పెట్టింది 10,000, అదీ జత కూడా లేకుండా. అంతా చేసి రివర్‌లో 28,500 పాట్ ముందు 2,000 పెట్టకుండా పడేశారు. పదిహేనింట్లో ఒక్కసారి గెలిచినా సరిపోయే కాల్ అది. రైజ్ చేయకూడని చోట రైజ్ చేశారు, కాల్ చేయాల్సిన చోట పొదుపు చేశారు.

అదే ఫ్లాప్ మీద వెయ్యి కాల్, టర్న్‌లో రెండు వేలు కాల్, రివర్‌లో రెండు వేలు కాల్ చేసి ఉంటే మొత్తం ఐదు వేలు. మీరు పెట్టినదాంట్లో సగం. సగం ఖర్చుతో అతని ముక్కలు చూసేవారు. జాకీ, 8, 5, 3, 2 బోర్డు మీద ఇలాంటివాడికి రాజు, 10 ఉండొచ్చు, 7, 6 ఉండొచ్చు, ఏదీ లేకపోవచ్చు. వీటన్నిటి మీదా మీ ఆసు గెలుస్తుంది. జాకీ ఉంటే ఓడిపోతారు. అప్పుడైనా ఓడిపోయేది ఐదు వేలే. ‘రైజ్ చేసి టర్న్‌లో ఫ్రీగా ఒక ముక్క చూద్దాం’ అనే ఎత్తు కూడా ఇతని దగ్గర చెల్లదు. అతను చెక్ చేస్తేనే కదా ఫ్రీ.

నేను చెప్పిందంతా అతను నిజంగా పదింటికి ఏడు రైజ్ చేస్తేనే వర్తిస్తుంది. ఒక అరగంటలో నాలుగు రైజులు చేసినవాణ్ణి చూసి మ్యానియాక్ (ఏ ముక్కలకైనా రైజ్ చేసే పిచ్చివాడు) అని ముద్ర వేయకండి. వరసగా మంచి ముక్కలు వచ్చి ఉండొచ్చు. షోకి వచ్చినప్పుడు ఏం చూపించాడు అన్నదే సాక్ష్యం. ముందు సీట్లలో కూర్చుని 10, 6తో రైజ్ చేసినట్టు రెండుసార్లు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు. చూపించిన ప్రతిసారీ రాజు, రాణి, పెద్ద జతలే ఉంటే అతను దూకుడుగా ఆడే మంచి ఆటగాడు. అలాంటివాడి మీద రాజు, 9తో మూడు రౌండ్లూ కాల్ చేయడం అంత తేలిక నిర్ణయం కాదు.

మన అంతట మనం ఎక్కువ పడేస్తున్నామా అనే అనుమానం మీ ఒక్కరిదే కాదు. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైఖేల్ బౌలింగ్ బృందం కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా ఛేదించింది. 2015 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది. ఆ ప్రోగ్రామ్ పేరు సెఫియస్. జీవితమంతా దానితో ఆడినా, గెలిచామని లెక్కలతో నిరూపించలేనంత దగ్గరికి తీసుకొచ్చారు. దాని ఆటలో ఒక విశేషం: బటన్ తనది కానప్పుడు కూడా, చాలామంది మనుషులు పడేసే ముక్కలతో అది ఆటలో ఉంటుంది. తొమ్మిది మంది టేబుల్‌కి దాన్ని ఉన్నదున్నట్టు దించలేం. కానీ మీరు, ఆ ఆసామి ఇద్దరే పాట్‌లో మిగిలినప్పుడు మాత్రం పరిస్థితి దానికి దగ్గరే.

డబ్బు ఒత్తిడి మీద ఆడే దూకుడుకి లిమిట్‌లో పెద్ద ఉదాహరణ డాలస్ బ్యాంకర్ ఆండీ బీల్. 2001 నుంచి లాస్ వేగస్‌లో పేరున్న ప్రొఫెషనల్స్‌తో ఒకరితో ఒకరుగా లిమిట్ ఆడేవాడు. బెట్లు ఎంత పెద్దవంటే ఎదుటివాళ్లు డబ్బు కలుపుకుని ఒక జట్టుగా వచ్చేవారు. కొన్నిసార్లు వాళ్లని గట్టిగానే దెబ్బకొట్టాడు. 2006 ఫిబ్రవరిలో ఫిల్ ఐవీ మూడు రోజుల్లో 1.6 కోట్ల డాలర్లకు పైగా అతని దగ్గర గెలిచాడు. బెట్ ఎంత పెద్దదైనా అది పాట్‌లో ఎన్నో వంతు అని మాత్రమే చూడగలిగినవాళ్లు ఆ టేబుల్ దగ్గర నిలబడ్డారు. మీ 2,000 చిప్స్‌కీ అంతే.

మీరు రాయలేదు గానీ, ఆ తర్వాత జరిగింది ఊహించగలను. 15,000 మిగిలాయి, లెవెల్ మారి బెట్లు 1,500, 3,000 అయితే అవి ఐదు పెద్ద బెట్లు. రైజ్ ఒకటి, తర్వాత మూడు రౌండ్లు ఊరికే కాల్ చేస్తే 10,500 పోతాయి. ఆ స్థితిలో మాత్రం పొదుపు ముందే చేయాలి. ముక్కలు ఎంచుకుని, ఎవరూ దిగకముందే మీరే రైజ్ చేసి దిగాలి. దిగాక సగంలో పడేయడం అంటూ ఉండదు. చిప్స్ అయిపోయేదాకా వెళ్లాల్సిందే.

ఇది చదివి ఫోన్‌లో ప్రాక్టీస్ చేద్దామనుకునే ఇక్కడి పాఠకులకి ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఉచిత చిప్స్‌తో, లేదా కాగితం మీద పాట్ లెక్కలు కట్టుకుంటూ ప్రాక్టీస్ చేయండి. శాన్ హోజే ఆయనకి ఆ ఇబ్బంది లేదు. కాలిఫోర్నియా కార్డ్ రూముల్లో చిన్న లిమిట్ టేబుళ్లు ఇంకా నడుస్తున్నాయి, అక్కడ ఇలాంటి ఆసాములకి కొదవ ఉండదు.

చివరగా, అతను ముక్కలు చూపించలేదని బాధపడ్డారు కదా. మీరు పడేసినప్పుడు చూపించాల్సిన పని అతనికి లేదు. కాల్ చేసి ఉంటే మాత్రం రివర్‌లో చివరగా బెట్ చేసింది అతను కాబట్టి ముందు చూపించాల్సింది అతనే. చాలామంది కొత్తవాళ్లు కాల్ చేయగానే తొందరపడి తమ ముక్కలు తిరగేస్తారు. మీరు చేతులు కదపకుండా ఆగండి. అతను కాసేపు తటపటాయించి, ముక్కలు డీలర్ వైపు తోసేశాడనుకోండి, పాట్ మీదే. మీ ఆసు, రాణి ఎవరికీ చూపించక్కర్లేదు.